ఒకే బేరం, నాలుగు చోట్ల రాత: చిన్న దుకాణాల లెక్కలకు ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఎలా పనికొస్తుంది?

చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో గాజులు, ఆర్టిఫిషియల్ నగలు హోల్‌సేల్‌గా అమ్మే దుకాణాన్ని ఉదాహరణగా చూడొచ్చు. కర్నూలు నుంచి ఒక పార్టీ వాట్సాప్‌లో ఆర్డర్ పెడతాడు. దుకాణంలో కుర్రాడు దాన్ని ఒక చీటీ మీద రాసి కారిగర్‌కు ఇస్తాడు. మాల్ తయారయ్యాక అదే వివరం బిల్లు బుక్కులో మళ్లీ రాస్తారు. సగం డబ్బు వస్తుంది, మిగతాది ఉద్దెర ఖాతాలోకి ఎక్కుతుంది. నెలాఖరుకు బిల్లుల కట్టంతా అకౌంటెంట్ దగ్గరికి పోతుంది. ఆయన జీఎస్టీ రిటర్న్ కోసం అన్నీ మొదటి నుంచి కంప్యూటర్‌లో కొడతాడు. బేరం ఒక్కటే, రాత మాత్రం నాలుగు చోట్ల.

ఈ నాలుగు చోట్లలో ఎక్కడో ఒక దగ్గర తేడా రాకుండా ఉండదు. పార్టీ వాపసు పంపిన డజను ఖాతాలో తీసేస్తారు, బిల్లులో తీసేయరు. ఫోన్‌పేలో వచ్చిన 8 వేలు గల్లా లెక్కలో కనబడవు, ఖాతాలో రాయడం మర్చిపోతారు. మూడు నెలల తర్వాత పార్టీ ‘ఎప్పుడో ఇచ్చేశాను భాయ్’ అంటాడు. చూపించడానికి దుకాణందారు దగ్గర గట్టి రాత ఉండదు. చివరికి సంబంధం చెడకూడదని ఆ డబ్బు వదులుకుంటారు.

బ్యాంకు అప్పు మీద నడిచే వ్యాపారానికి ఇది నష్టమే, కానీ తట్టుకోగలదు. మన ఇళ్లలో చాలామంది వడ్డీ అప్పు జోలికి పోరు. సొంత పెట్టుబడి, అన్నదమ్ములు వేసిన డబ్బు, బంధువులు ఇచ్చిన చేబదులు, ఇంతే మూలధనం. అలాంటి దుకాణంలో ఉద్దెర నిలిచిపోయిందంటే పండగ సీజన్‌కు మాల్ కొనడానికి చేతిలో పైసా ఉండదు. ఎవరి దగ్గర ఎంత, ఎన్ని రోజులుగా ఇరుక్కుందో తెలియడం ఇక్కడ వ్యాపారం నిలబడే విషయం.

కలిపి ఉన్న సాఫ్ట్‌వేర్ అంటే

ఉత్తరాలు రాసే ప్రోగ్రామ్, లెక్కల పట్టికలు వేసే ప్రోగ్రామ్, ఈమెయిల్, పేర్ల జాబితా, ఇవన్నీ ఒకే కుటుంబంగా వచ్చి ఒకదాంట్లో ఉన్న వివరాన్ని ఇంకొకటి తీసుకోగలిగితే దాన్ని ఇంటిగ్రేటెడ్ ఆఫీస్ సాఫ్ట్‌వేర్ అంటారు. మైక్రోసాఫ్ట్‌లో వర్డ్, ఎక్సెల్, ఔట్‌లుక్. గూగుల్‌లో డాక్స్, షీట్స్, జీమెయిల్. చెన్నైలో పుట్టిన జోహోకు కూడా ఇలాంటి సెట్ ఉంది. డబ్బు పెట్టక్కర్లేనిది లిబ్రే ఆఫీస్. అంతకుముందున్న ఓపెన్ ఆఫీస్ నుంచి 2010లో విడిపోయి వచ్చిన ఈ ప్రోగ్రామ్‌లో రైటర్, కాల్క్, బేస్ అన్నీ ఉచితం. ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది.

చాలా దుకాణాల్లో కంప్యూటర్ కొన్నప్పుడే షాపువాడు క్రాక్ చేసిన ఎక్సెల్ వేసి ఇస్తాడు. దాంతో పాటు ఏ వైరస్ వస్తుందో తెలియదు, అప్‌డేట్లు సరిగా రావు. ఉచితంగా, హలాల్‌గా దొరికేది ఉండగా దొంగ కాపీ మీద దుకాణం లెక్కలన్నీ పెట్టడం తెలివైన పని కాదు. ఫోన్‌లోనే ఎక్కువ పని జరిగే చోట గూగుల్ షీట్స్ తేలిక. ఒక ఖాతాకు 15 జీబీ చోటు ఉచితంగా వస్తుంది, అన్నదమ్ములు ఇద్దరు ముగ్గురు ఒకేసారి ఒకే పట్టిక చూడొచ్చు.

ఏది ఎంచుకున్నా సూత్రం ఒకటే. ఏ వివరమైనా ఒక్క చోటే రాయాలి, మిగతా చోట్లకు అది తనంతట తాను వెళ్లాలి. ఎక్సెల్ తెరిచి పాత ఖాతా పుస్తకాన్ని అలాగే అందులోకి దించుకుంటే కాగితం ఖర్చు మిగులుతుంది, అంతకంటే ఒరిగేదేమీ లేదు.

నాలుగు పట్టికలు

గాజుల దుకాణానికి మొదట నాలుగు పట్టికలు చాలు: పార్టీలు, మాల్, బిల్లులు, వసూళ్లు.

పార్టీల పట్టికలోనే మొదటి చిక్కు వస్తుంది. ఒకే మనిషి బిల్లులో ‘మహమ్మద్ సలీం’, ఖాతాలో ‘ఎండీ సలీం’, వాట్సాప్‌లో ‘సలీం భాయ్ కర్నూలు’, బ్యాంకు మెసేజ్‌లో ‘ముహమ్మద్ సలీమ్’ అని ఉంటాడు. దుకాణందారుకు నలుగురూ ఒక్కరే అని తెలుసు. కంప్యూటర్‌కు తెలియదు. దానికి నలుగురు సలీంలు, నాలుగు బాకీలు. పైగా అదే ఊళ్లో ఇంకో సలీం ఉంటే రెండు ఖాతాలు కలిసిపోతాయి. అందుకే పేరుతో వెతకకూడదు, నంబరుతో వెతకాలి. ప్రతి పార్టీకి కె-01, కె-02 లాంటి కోడ్ ఇవ్వొచ్చు. లేదంటే మొబైల్ నంబరునే గుర్తుగా పెట్టుకోవచ్చు, కానీ నంబరు మారినప్పుడు అన్ని చోట్లా మార్చాల్సి వస్తుంది కాబట్టి కోడే మేలు.

మాల్ పట్టికలో గాజుల వ్యాపారానికి ప్రత్యేకంగా ఒక ఉచ్చు ఉంది. గాజుల సైజులు 2.2, 2.4, 2.6, 2.8, 2.10 అని చెబుతారు. ఇందులో 2.10 అంటే రెండు అంగుళాల మీద పదహారింట పది వంతులు. స్ప్రెడ్‌షీట్‌కు ఈ సంగతి తెలియదు కదా. 2.10 కొట్టగానే చివరి సున్నా తీసేసి 2.1 చేస్తుంది. వరసలో పెట్టమంటే అన్నిటికంటే పెద్ద సైజును అన్నిటికంటే చిన్నదిగా మొదట పెడుతుంది. సైజు కాలమ్‌ను ముందే ‘టెక్స్ట్’ అని మార్చుకుంటే సున్నా పోదు, లేకపోతే స్టాక్ లెక్క అంతా తారుమారు. సున్నాతో మొదలయ్యే బిల్లు నంబర్లకూ ఇదే జాగ్రత్త. తేదీల విషయంలోనూ చూసుకోవాలి. అమెరికా పద్ధతిలో సెట్ అయి ఉన్న కంప్యూటర్‌లో 3/4 అని కొడితే ఏప్రిల్ 3 కాదు, మార్చి 4 అవుతుంది.

మూడోది బిల్లుల పట్టిక. అసలు పని ఇక్కడే తగ్గుతుంది. పార్టీ కోడ్ కొడితే పేరు, ఊరు, జీఎస్టీ నంబరు మొదటి పట్టిక నుంచి వస్తాయి. మాల్ కోడ్ కొడితే రేటు రెండో పట్టిక నుంచి వస్తుంది. ఇలా తెచ్చే ఫార్ములాను వీ-లుకప్ అంటారు, కొత్త ఎక్సెల్‌లో ఎక్స్-లుకప్ కూడా ఉంది. బీకాం చదివే పిల్లలకు ఇది కాలేజీలోనే నేర్పుతారు. ఇంట్లో డిగ్రీ చదివే అమ్మాయి ఉంటే దుకాణానికి వెళ్లకుండానే ఈ పట్టికలన్నీ తయారు చేసి పెట్టగలదు.

అయితే రేటు దగ్గర ఒక పొరపాటు చాలామంది చేస్తారు. ముడిసరుకు ధర పెరిగిందని మాల్ పట్టికలో రేటు మారుస్తారు. అంతే, ఆరు నెలల కింద వేసిన పాత బిల్లుల మొత్తాలు కూడా మారిపోతాయి. పార్టీ దగ్గర ఉన్న కాగితం బిల్లులో 4,200, కంప్యూటర్‌లో 4,650. రోజు బిల్లులు పూర్తయ్యాక రేటు కాలమ్‌ను కాపీ చేసి, ‘పేస్ట్ స్పెషల్’లో విలువలు మాత్రమే అతికించాలి. అప్పుడు ఆ రోజు రేటు అక్కడే గట్టిపడుతుంది.

వసూళ్ల పట్టికలో తేదీ, పార్టీ కోడ్, ఎంత, ఎలా వచ్చింది (నగదు, యూపీఐ, చెక్కు) రాస్తే చాలు. బాకీ ఎవరూ కూడక్కర్లేదు. సమ్-ఇఫ్ అనే ఫార్ములా ఆ కోడ్ మీద ఉన్న బిల్లులన్నీ కలిపి, వసూళ్లన్నీ కలిపి, తేడా చూపిస్తుంది.

ఎంత బాకీ కంటే, ఎన్నాళ్ల బాకీ

ఖాతా పుస్తకం మొత్తం బాకీ ఎంతో చెబుతుంది. దాని వయసు చెప్పదు. ఒక దుకాణానికి 3 లక్షల 40 వేలు రావాలనుకోండి. బిల్లు తేదీ నుంచి ఇవాళ్టికి ఎన్ని రోజులో తీసేసి చూస్తే 1 లక్షా 60 వేలు నెల లోపువి, 70 వేలు రెండు నెలల లోపువి, 40 వేలు మూడు నెలల లోపువి, మిగిలిన 70 వేలు మూడు నెలలు దాటినవి అని తేలుతుంది. ఆ 70 వేలు ముగ్గురి దగ్గరే ఉన్నాయని కూడా కనబడుతుంది. దుకాణందారు ఇన్నాళ్లూ అందరికీ ఫోన్ చేసి అడిగి అందరితో మాట పడ్డాడు. నిజానికి అడగాల్సింది ముగ్గురినే.

అందరికీ ఉత్తరం పంపాల్సిన సందర్భం మాత్రం ఏడాదికి ఒకసారి ఉంటుంది. మార్చి నెలాఖరుకు ‘మా లెక్క ప్రకారం మీ బాకీ ఇంత, తేడా ఉంటే 15 రోజుల్లో చెప్పండి’ అని. మెయిల్ మెర్జ్ ఈ పనికే ఉంది. వర్డ్‌లోనో లిబ్రే ఆఫీస్ రైటర్‌లోనో ఒక్క ఉత్తరం రాసి, పేరు, ఊరు, మొత్తం ఉండాల్సిన చోట పట్టికలోని కాలమ్‌లను కలిపితే 40 మంది పార్టీలకు 40 ఉత్తరాలు వస్తాయి. ఎవరి పేరు వాళ్లది, ఎవరి మొత్తం వాళ్లది. పార్టీ సంతకం పెట్టి తిరిగి పంపాడంటే ఇక ‘ఎప్పుడో ఇచ్చేశాను’ అనే మాటకు చోటుండదు.

ఉర్దూలోనో తెలుగులోనో ఈ ఉత్తరాలు పంపాలంటే అక్షరాల సంగతి తెలిసి ఉండాలి. డీటీపీ సెంటర్లలో పాత ఇన్‌పేజ్‌లో కొట్టిన ఉర్దూ గానీ, అను ఫాంట్లలో కొట్టిన తెలుగు గానీ యూనికోడ్ కాదు. తెచ్చి ఎక్సెల్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, వెతికినా దొరకవు. ఫోన్ కీబోర్డుతో కొట్టేదంతా యూనికోడే కాబట్టి దాన్ని నేరుగా వాడుకోవచ్చు. ఉర్దూకు నోటో నస్తాలీఖ్ ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది. వర్డ్‌లో పేరా దిశను కుడి నుంచి ఎడమకు మార్చడం మర్చిపోకూడదు. లేకపోతే అంకెలు, ఫుల్‌స్టాపులు తప్పు చోట పడతాయి.

రెండు రాష్ట్రాల పన్ను

2014 జూన్ 2 వరకు హైదరాబాద్ దుకాణానికి కర్నూలు పార్టీ అదే రాష్ట్రంవాడు. ఇప్పుడు పక్క రాష్ట్రంవాడు. జీఎస్టీలో ఈ తేడా పెద్దది. మహబూబ్‌నగర్‌కు అమ్మితే పన్ను సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు సగాలుగా పడుతుంది. కర్నూలుకు అమ్మితే ఐజీఎస్టీ అని ఒక్కటే. తప్పు గడిలో వేస్తే తర్వాత సవరించుకునే తలనొప్పి దుకాణందారుదే.

ఈ పని కూడా పట్టికకే అప్పగించొచ్చు. జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్. 36 ఉంటే తెలంగాణ, 37 ఉంటే ఆంధ్రప్రదేశ్. ఆ రెండు అంకెలు చూసి ఏ పన్ను వేయాలో నిర్ణయించే చిన్న ఫార్ములా ఒకసారి రాసుకుంటే బిల్లు కొట్టే కుర్రాడు ఆలోచించనక్కర్లేదు. మాల్ పట్టికలో పన్ను శాతానికి ఒక కాలమ్ ఉండాలి. గాజుతో చేసిన గాజులకు జీఎస్టీ లేదు, ఇమిటేషన్ నగలకు 3 శాతం ఉంది. రెండూ ఒకే దుకాణంలో ఉంటాయి మరి.

రిజిస్ట్రేషన్ పరిమితిలోనూ రెండు రాష్ట్రాలు ఒకటి కావు. కేవలం సరుకు అమ్మే వ్యాపారానికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవర్ వరకు వెసులుబాటు ఉంటే, తెలంగాణలో అది 20 లక్షలే. పన్ను పడే సరుకుతో పాటు పన్ను లేని సరుకు కూడా అమ్మితే రెండూ కలిపే టర్నోవర్ లెక్క చూస్తారు. పైగా పన్ను పడే సరుకును వేరే రాష్ట్రానికి అమ్మితే సాధారణంగా టర్నోవర్ ఎంతైనా రిజిస్ట్రేషన్ కావాలి. కాంపొజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లయితే వేరే రాష్ట్రానికి అమ్మకూడదు, బిల్లులో పన్ను వసూలు చేయకూడదు. బిల్లుల పట్టిక పైన ఏప్రిల్ 1 నుంచి ఇవాళ్టి దాకా మొత్తం చూపించే ఒక గడి పెట్టుకుంటే పరిమితి దగ్గరపడుతున్న సంగతి నోటీసు రాకముందే తెలుస్తుంది.

బిల్లు నంబరు ఆ ఆర్థిక సంవత్సరంలో వరసగా, మళ్లీ రాకుండా, 16 అక్షరాలకు మించకుండా ఉండాలనేది జీఎస్టీ నియమం. రెండు బిల్లు బుక్కులు నడిపే దుకాణాల్లో ఇక్కడే తప్పు జరుగుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో ఉచితంగా దొరికే ఆఫ్‌లైన్ టూల్ ఎక్సెల్ పట్టిక నుంచే బిల్లులు తీసుకుంటుంది, కాబట్టి అకౌంటెంట్ మళ్లీ కొట్టే పని తప్పుతుంది. నెలవారీ రిటర్న్ ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు, అమ్మకం ఏమీ లేని నెలకు కూడా రోజుకు 20 రూపాయలు లేట్ ఫీజు పడుతుంది. చాలా ఆలస్యాలకు కారణం డబ్బు లేకపోవడం కాదు, బిల్లుల కట్ట అకౌంటెంట్‌కు సమయానికి చేరకపోవడమే.

పండగ ఏ నెలలో పడింది?

పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చి అమ్మకాలు పెరిగాయా తగ్గాయా అని చూడటం అందరూ చెప్పే సలహా. మన పండగల మీద ఆధారపడిన వ్యాపారానికి అది తప్పుదారి పట్టిస్తుంది. హిజ్రీ సంవత్సరం ఇంగ్లీషు సంవత్సరం కంటే సుమారు 11 రోజులు చిన్నది. 2024లో మన దేశంలో ఈదుల్ ఫితర్ ఏప్రిల్ 11న వచ్చింది, 2025లో మార్చి 31న వచ్చింది. గాజుల దుకాణానికి అసలు బేరం రమజాన్ చివరి పది రోజుల్లో, చాంద్ రాత్ నాడు. 2024 ఏప్రిల్‌లో ఆ బేరం ఉంది, 2025 ఏప్రిల్‌లో లేదు. రెండు ఏప్రిల్‌లను పక్కపక్కన పెట్టి చూస్తే వ్యాపారం కూలిపోయినట్టు కనబడుతుంది.

ఇంకా పెద్ద చిక్కు ఆర్థిక సంవత్సరంతో ఉంది. 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు ఉన్న ఒకే సంవత్సరంలో రెండు రమజాన్ ఈద్‌లు పడ్డాయి. ఆ ఏడాది టర్నోవర్ చూసి సంతోషపడి మాల్ ఎక్కువ తెప్పించుకున్న దుకాణానికి మరుసటి ఏడాది ఒక్క ఈదే ఉంటుంది. బ్యాంకువాడికైనా పార్ట్‌నర్‌కైనా లెక్క చూపించేటప్పుడు ఈ సంగతి చెప్పకపోతే తగ్గుదల ఎందుకో వాళ్లకు అర్థం కాదు.

దీనికి మందు తేలికే. బిల్లుల పట్టికలో తేదీ పక్కన హిజ్రీ నెలకు ఇంకో కాలమ్ పెట్టాలి. సాఫ్ట్‌వేర్ హిజ్రీ తేదీ చూపించగలదు గానీ నెలవంక మన దగ్గర ఏ రోజు కనబడిందో దానికి తెలియదు. నెల మారిన రోజు చేత్తో కొట్టడమే మంచిది. తర్వాత పివట్ టేబుల్ వేసి ఈ రమజాన్‌ను పోయిన రమజాన్‌తో, ఈ షాబాన్‌ను పోయిన షాబాన్‌తో పోల్చుకోవచ్చు.

జకాత్ లెక్కకూ ఇదే ఆధారం. జకాత్ సంవత్సరం చాంద్రమానంది కాబట్టి ఆ రోజుకు దుకాణంలో ఉన్న మాల్ విలువ, చేతిలో నగదు, రావాల్సిన బాకీలు, ఇవ్వాల్సిన అప్పులు తెలిస్తేనే రెండున్నర శాతం తీయగలరు. వసూలవుతాయో లేదో తెలియని బాకీల మీద ఎలా చేయాలో ఆలిమ్‌ను అడగాలి. అయితే అలాంటి బాకీలు ఎంత ఉన్నాయో చెప్పాల్సింది దుకాణందారే, అందాజుగా కాదు.

తండ్రి తలలో ఉన్న లెక్క

ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, సూరా బఖరాలోని 282వది, అప్పును రాసుకోమని చెప్పేదే. అయినా చాలా దుకాణాల్లో అసలు ఖాతా ఇంటి పెద్ద తలలోనే ఉంటుంది. ఆయనకు ఉన్నట్టుండి ఏదైనా జరిగితే ఎవరికి ఎంత ఇవ్వాలో కొడుకులకు తెలియదు. ఆస్తి పంచుకునే ముందు చనిపోయిన మనిషి అప్పులు తీర్చాలి. ఇవ్వాల్సినవాళ్లు ఇంటికొచ్చి అడుగుతారు. దుకాణానికి బాకీ ఉన్నవాళ్లు మాత్రం చాలాసార్లు రారు. అన్నదమ్ముల మధ్య అనుమానాలు అక్కడ మొదలవుతాయి.

అందుకే పట్టిక ఒక్కరి ఫోన్‌లో, ఒక్కరి పాస్‌వర్డ్ కింద ఉండకూడదు. గూగుల్ షీట్స్‌లో ప్రతి ఒక్కరికీ సొంత ఈమెయిల్‌తో అనుమతి ఇవ్వొచ్చు. ఎవరు ఎప్పుడు ఏ అంకె మార్చారో వెర్షన్ హిస్టరీలో కనబడుతుంది. కుర్రాడికి బిల్లుల పట్టిక ఒక్కటే మార్చే వీలు ఇచ్చి, వసూళ్ల పట్టికను లాక్ చేయొచ్చు. లిబ్రే ఆఫీస్ వాడేవాళ్లు వారానికి ఒకసారి ఫైలు కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంట్లో పెట్టాలి. దుకాణంలోనే పెడితే కంప్యూటర్‌తో పాటు అదీ పోవచ్చు. జీఎస్టీ లెక్కలను వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలని చట్టమే చెబుతోంది.

వీటికి ఒక హద్దు ఉంది. రోజుకు పది ఇరవై బిల్లులు వేసే దుకాణానికి ఈ నాలుగు పట్టికలు సరిపోతాయి. వందల బిల్లులు, రెండు మూడు గోదాములు, జీతాల లెక్క ఉన్నచోట స్ప్రెడ్‌షీట్ బరువెక్కి తప్పులు మొదలవుతాయి. అక్కడ టాలీ, జోహో బుక్స్ లాంటి అసలైన అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌కు మారాలి. అప్పటికే పార్టీలకు కోడ్‌లు, మాల్‌కు సరైన పేర్లు ఉంటే ఆ జాబితాలు ఎక్సెల్ నుంచి నేరుగా అందులోకి ఎక్కుతాయి.

మొదలుపెట్టడానికి ఏప్రిల్ 1 అనుకూలమైన రోజు, కొత్త బిల్లు నంబర్లు ఆ రోజే మొదలవుతాయి కాబట్టి. పాత ఖాతా అంతా ఎక్కించే పని పెట్టుకోవద్దు, చాలామంది అక్కడే విసుగొచ్చి వదిలేస్తారు. మార్చి 31 నాటికి ఒక్కో పార్టీ బాకీ ఎంతో ఒక్క అంకె రాసుకుంటే చాలు. మొదటి రెండు నెలలు కాగితం ఖాతా కూడా పక్కన నడపాలి. శనివారం రాత్రి రెండింటి మొత్తాలు సరిచూసుకుని, తేడా వస్తే ఆ వారంలోనే వెతికి పట్టుకోవాలి.